కో-ఆప్ గేముల్లో మళ్లీ పిలవాలనిపించే టీమ్‌మేట్‌గా ఉండటం ఎలా?

కో-ఆప్ గేముల్లో, అంటే అందరూ ఒకే జట్టుగా కలిసి ఆడే గేముల్లో, గురి తప్పనివాళ్లు, మ్యాప్ మొత్తం కంఠతా వచ్చినవాళ్లు కావలసినంత మంది దొరుకుతారు. ఆట అయ్యాక "రేపు కూడా వస్తావా?" అని అడగాలనిపించేవాళ్లే తక్కువ. ఆ తక్కువమందిలో నాకు ఎప్పుడూ కనిపించే అలవాటు ఒకటుంది. సొంత హెల్త్ బార్‌ని ఎంత చూసుకుంటారో, పక్కవాళ్ల బార్లనీ అంతే చూస్తుంటారు. ఎవరి బుల్లెట్లు అయిపోవచ్చాయి, ఎవరు వెనకబడ్డారు, ఎవరు చాలాసేపటి నుంచి నోరు విప్పలేదు, అన్నీ వాళ్లకి తెలుస్తూనే ఉంటాయి.

నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే అలవాటే ఇది. గేమ్ ఓపెన్ చేయక ముందు నుంచి అందరూ గుడ్ నైట్ చెప్పుకునేదాకా అది ఎక్కడ, ఎలా పనికొస్తుందో వరుసగా చెబుతాను. స్నేహితులతో ఆడినా, మ్యాచ్‌మేకింగ్‌లో దొరికిన తెలియనివాళ్లతో ఆడినా చాలావరకు పద్ధతి ఒకటే.

1. గేమ్ ఓపెన్ చేయక ముందు

తొమ్మిదింటికి కలుద్దామనుకుంటే ఎనిమిదిన్నరకే గేమ్ ఒకసారి తెరిచి అప్‌డేట్ ఉందేమో చూడండి. తొమ్మిదింటికి డౌన్‌లోడ్ మొదలుపెడితే మిగతా ముగ్గురూ మీ కోసం ఖాళీగా కూర్చోవాలి. రావడం కుదరదని ముందే తెలిస్తే ముందే చెప్పండి. ముఖ్యంగా ఇట్ టేక్స్ టూ లాంటి గేముల్లో ఇది మరీ అవసరం. 2021లో వచ్చిన ఆ గేమ్‌లో ఒంటరిగా ఆడే అవకాశమే లేదు. మీరు రాకపోతే అవతలివాళ్ల ఆట కూడా లేనట్టే.

తర్వాత మైక్. స్పీకర్ల నుంచి వచ్చే శబ్దాన్ని మీ మైక్ మళ్లీ పట్టుకుంటే అందరికీ వాళ్ల గొంతే వాళ్లకి ఎకో కొడుతుంది. మీకు మాత్రం అది వినపడదు, అందుకే మీ మైక్ బాగుందో లేదో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంట్లో ఫ్యాన్, టీవీ, మాటల చప్పుడు ఉంటే పుష్-టు-టాక్ పెట్టుకోండి, అంటే బటన్ నొక్కి పట్టుకుంటేనే మైక్ పనిచేసే సెట్టింగ్. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ యాప్ వాడుతుంటే, చుట్టూ ఉన్న చప్పుడు తగ్గించే నాయిస్ సప్రెషన్ ఆన్ చేసుకోవచ్చు. ఒక్కరి గొంతే మరీ పెద్దగా వినిపిస్తుంటే వాళ్ల పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆ ఒక్కరి వాల్యూమే తగ్గించుకోవచ్చు. దాని గురించి గొడవ పడాల్సిన పని లేదు.

హోస్ట్ ఎవరన్నది, అంటే గేమ్ ఎవరి మెషీన్ మీద నడుస్తుందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ప్రత్యేక సర్వర్ లేకుండా ఆటగాళ్లలో ఒకరి మెషీన్ మీద నడిచే గేముల్లో ఆ ఒక్కరి నెట్ బాగాలేకపోతే ల్యాగ్, అంటే ఆట ఆగి ఆగి నడవడం, అందరికీ వస్తుంది. కాబట్టి కేబుల్‌తో నెట్ పెట్టుకున్నవాళ్లు, చివరిదాకా ఉండగలిగినవాళ్లు హోస్ట్ చేయడం మంచిది. మరుగుజ్జులు గుహల్లో ఖనిజాలు తవ్వే డీప్ రాక్ గెలాక్టిక్‌లో హోస్ట్ బయటికి వెళ్లిపోతే మిషన్ అందరికీ అక్కడితో ఆగిపోతుంది. మధ్యలో లేవాల్సి వస్తుందని తెలిసినవాళ్లు హోస్ట్ కాకపోవడమే మేలు.

2. లాబీలో ఒక్క నిమిషం

ఒక మాట అనుకోకుండా మొదలుపెట్టడం వల్లే సగం గొడవలు వస్తాయి. ఒకరికి ఈరోజు కష్టమైన మిషన్ ఎలాగైనా పూర్తి చేయాలని ఉంటుంది. ఇంకొకరు ఆఫీసులో అలసిపోయి వచ్చి కాసేపు నవ్వుకుందామనుకుంటారు. ఇద్దరిదీ తప్పు లేదు, కానీ చెప్పుకోకపోతే ఇద్దరికీ చిరాకే. అందుకే నాలుగు విషయాలు అడిగేయండి: ఎంతసేపు ఆడగలం, సీరియస్‌గానా సరదాగానా, ఎవరికైనా ఇది మొదటిసారా, ఎవరి దగ్గర మైక్ లేదు. డిఫికల్టీ దగ్గర మాత్రం నాది ఒకే మాట. టీమ్‌లో అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్లు తట్టుకోగలిగిన లెవెల్ పెట్టండి. బాగా ఆడేవాళ్లు తేలిక లెవెల్లో కూడా సరదాగానే ఆడగలరు. కొత్తవాళ్లు పై లెవెల్లో పావుగంటకోసారి నేల మీద పడి ఉండటం తప్ప ఏమీ చేయలేరు.

భాష సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ముగ్గురు తెలుగువాళ్లు, నాలుగోవాళ్లకి తెలుగు రాదు అనుకుందాం. ఫైట్ గురించిన మాటలైనా అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. లేకపోతే ఆ నాలుగో మనిషి టీమ్‌లో ఉండి కూడా ఒంటరిగా ఆడుతున్నట్టే ఉంటుంది.

క్యారెక్టర్ ఎంచుకునేటప్పుడు మీకు నచ్చింది తీసుకునే ముందు టీమ్‌లో ఏది లేదో చూడండి. డీప్ రాక్‌లో ఖనిజం ఎక్కడో గోడ పైభాగంలో ఉంటుంది. స్కౌట్ అనే క్యారెక్టర్ గ్రాపుల్‌తో (కొక్కెం తాడుతో) అక్కడిదాకా ఎగరగలడు కానీ నిలబడటానికి చోటుండదు. కింద నుంచి ఇంజనీర్ ఆ ఖనిజం కిందే ఒక ప్లాట్‌ఫామ్ కొడితే, స్కౌట్ దాని మీద నిలబడి తీరిగ్గా తవ్వుకుంటాడు. అడగకముందే ఆ ప్లాట్‌ఫామ్ వేసే ఇంజనీర్‌ని ఎవరూ మర్చిపోరు. మీ క్లాస్, అంటే మీరు ఎంచుకున్న క్యారెక్టర్ రకం, చేయగలిగిన పనుల్లో పక్కవాళ్లకి పనికొచ్చేవి ఏమున్నాయో తెలుసుకోవడానికి కాస్త సమయం పెట్టండి.

3. ఆడుతూ మాట్లాడటం

"అదిగో అక్కడ! అక్కడ్రా!" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మీ స్క్రీన్ మీకు మాత్రమే కనిపిస్తుంది. మీ ఎడమ వైపు నాకు కుడి వైపు అవ్వచ్చు. ఏమొచ్చింది, ఎక్కడ, ఎన్ని అన్న మూడూ ఉంటే చాలు: "పెద్దది ఒకటి, బ్రిడ్జి వెనక." గేమ్‌లో దిక్సూచి ఉంటే డిగ్రీలు చెప్పండి. పింగ్ బటన్ (మీరు చూస్తున్న చోట అందరికీ కనిపించే గుర్తు పెట్టేది) ఉంటే అది ఇంకా మంచిది. 2011లోనే పోర్టల్ 2 కో-ఆప్‌లో పింగ్ టూల్ పెట్టారు. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కాల్సిన చోట కౌంట్‌డౌన్ చూపించే సౌకర్యం కూడా అందులో ఉంది. 2019లో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌లో పింగ్ ఎంత వివరంగా ఉంటుందంటే, మైక్ లేకుండానే శత్రువు ఎక్కడున్నాడో, ఏ ఆయుధం ఎక్కడ పడి ఉందో చెప్పేయవచ్చు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకీ, మొహమాటం ఉన్నవాళ్లకీ అదొక పెద్ద వరం. కాబట్టి మైక్ లేనివాళ్లని తక్కువగా చూడకండి, వాళ్ల పింగ్‌లకి స్పందించండి. పింగ్ చేసినా ఎవరూ పట్టించుకోకపోతే రెండు సార్లు చూసి మానేస్తారు. మీరు మాత్రం ఒకే చోట పదేపదే పింగ్ కొట్టకండి, అది అరుపు లాగే ఉంటుంది.

రంగులతో చెప్పే అలవాటు కూడా కాస్త తగ్గించుకోవాలి. "ఎర్రదాన్ని కొట్టు" అంటే కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆ సంగతి అందరికీ చెప్పుకోవాలని వాళ్లకి అనిపించకపోవచ్చు. "తలుపు పక్కనున్నది" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ముగ్గురూ చనిపోయి ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరికి అడుగుల చప్పుడు వినాలి, కానీ చెవిలో మూడు గొంతులు: "రైట్ వెళ్లు, హీల్ చెయ్, వెనక చూడు!" చూసేవాళ్లకి అంతా తేలిగ్గానే కనిపిస్తుంది. కీబోర్డు మీద చేతులున్నవాళ్లకి మాత్రం ఆ అరుపులతో టెన్షన్ రెట్టింపవుతుంది. చనిపోయినవాళ్లు మైక్ ఆపేయాలి. వాళ్లకి కనిపించే అవకాశం లేని ప్రమాదం మీకు కనిపిస్తే ఒక్క ముక్క చెప్పి మళ్లీ ఆపేయాలి.

మెచ్చుకోలు సంగతి ఒక్క మాటలో చెప్తాను. లేపినందుకు థాంక్స్, మంచి షాట్‌కి "సూపర్" అనండి. డీప్ రాక్‌లో పీసీ మీద వీ కీ నొక్కితే మన మరుగుజ్జు చెయ్యెత్తి సెల్యూట్ కొడతాడు. తెలియనివాళ్లతో ఒక్క మాటా మాట్లాడకుండా ఆడిన మిషన్లలో కూడా ఆ సెల్యూట్‌తో కలిసి ఆడుతున్నామన్న భావం వస్తుంది.

4. పంచుకోవాల్సినవి

మనిషి ఎలాంటివాడో అన్నిటికంటే త్వరగా బయటపడేది ఇక్కడే.

డీప్ రాక్ ఉదాహరణే చూద్దాం. టీమ్ మొత్తం తవ్విన నైట్రా అనే ఖనిజం 80 చేరితే, బుల్లెట్లు తెచ్చే సప్లై పాడ్ ఒకటి పిలవచ్చు. అందులో నాలుగు పెట్టెలుంటాయి, ఒక్కో పెట్టె తీసుకున్నవాళ్లకి సగం బుల్లెట్లు నిండుతాయి. నలుగురున్నప్పుడు మనిషికొకటి. రెండు తీసుకోకూడదని గేమ్ ఆపదు, ఆ పెట్టె ఎవరిదని రాసి ఉండదు. కానీ మీరు రెండోది తీసుకున్న సంగతి, ఖాళీ తుపాకీతో పరిగెత్తుకుంటూ వచ్చినవాళ్లకి పాడ్ చూడగానే తెలిసిపోతుంది. పాడ్ పిలిచే ముందు "పిలవనా?" అని అడగండి. దింపే చోటు అందరికీ మధ్యలో ఉండేలా చూడండి, మీ ఒక్కరికి దగ్గరగా కాదు. మీ బుల్లెట్లు దాదాపు నిండుగా ఉండి ఇంకొకరివి అయిపోతే "నాది నువ్వు తీసుకో" అని నోటితో చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే మర్యాదస్తులు ఆ పెట్టె ముట్టుకోరు, అది అక్కడే ఉండిపోతుంది.

జాంబీలతో పోరాడే లెఫ్ట్ 4 డెడ్ 2లో మెడ్‌కిట్ (మందుల పెట్టె) మనిషికి ఒక్కటే పడుతుంది. రెండుసార్లు కిందపడి లేచినవాళ్లు, మందు వాడకుండా మూడోసారి పడితే ఇక లేవడం ఉండదు, చావే. ఆ స్థితిలో ఉన్నవాళ్ల స్క్రీన్ బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిపోతుంది. మీ హెల్త్ సగానికి తగ్గినా ఆ కిట్ మీరు వాళ్లకి వాడొచ్చు. లెక్క ప్రకారం కూడా అదే లాభం. నలుగురిలో ఒకరు పోతే మిగిలిన ముగ్గురి మీద ఒత్తిడి పెరుగుతుంది, చివరికి మీ సగం హెల్త్ కూడా మిగలదు. పక్కవాళ్లని కాపాడటం మంచితనమే కాదు, చాలా గేముల్లో అదే సరైన ఆట.

ఏది అందరికీ వస్తుందో, ఏది ముట్టుకున్నవాళ్లకే పోతుందో ముందే తెలుసుకుంటే సగం తగాదాలు ఉండవు. హెల్‌డైవర్స్ 2లో మిషన్‌లో ఏరుకునే శాంపిల్స్ ఎవరు మోసుకొచ్చినా అందరికీ వస్తాయి, కాబట్టి వాటి కోసం తోసుకోవాల్సిన పని లేదు. అదే గేమ్‌లో ఒకరు పిలిపించుకున్న పెద్ద తుపాకీ మాత్రం వాళ్లదే. పాడ్ దగ్గర మీరే ముందున్నా దాన్ని తీసుకోకండి. వాళ్లు చనిపోయి మళ్లీ దిగితే అది శవం దగ్గర పడి ఉంటుంది, ఆ చోటు పింగ్ చేసి చూపించండి.

మైన్‌క్రాఫ్ట్ లాంటి చోట ఒకే ప్రపంచంలో నెలల తరబడి ఉంటాం కాబట్టి లెక్క వేరు. పంట కోస్తే మళ్లీ నాటండి. క్రీపర్ అనే జీవి పేలి గొయ్యి పడితే పూడ్చండి, అది మీ ఇంటి ముందు కాకపోయినా సరే. ఎవరైనా చనిపోతే వాళ్ల సామాన్లన్నీ అక్కడే రాలిపోతాయి, ఆ చోటికి దగ్గర్లో ఎవరైనా ఉంటే 5 నిమిషాల్లో మాయమవుతాయి. మీరు దగ్గర్లో ఉంటే వెంటనే ఏరి ఒక పెట్టెలో వేసి ఎక్కడుందో చెప్పండి. మామూలు సెట్టింగ్‌లో అందరూ పడుకుంటేనే రాత్రి గడుస్తుంది. మీరు ఎక్కడో గనిలో తవ్వుకుంటూ మంచం ఎక్కకపోతే, బయట ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు రాత్రంతా జాంబీలతో కొట్టుకోవాలి. వెంట ఒక మంచం పెట్టుకోండి. లేదంటే అంతమంది పడుకోనక్కర్లేకుండా ఆ శాతం తగ్గించమని సర్వర్ నడిపేవాళ్లని అడగండి, 2021లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి జావా ఎడిషన్‌లో ఆ అవకాశం ఉంది.

5. వేగం

ముందుకి పరిగెత్తేవాళ్లు టీమ్‌కి పెద్ద తలనొప్పి. లెఫ్ట్ 4 డెడ్‌లో హంటర్ అనే జాంబీ మీద పడితే మీ అంతట మీరు విడిపించుకోలేరు, ఇంకొకరు వచ్చి కొట్టాల్సిందే. మీరు రెండు గదులు ముందుంటే ఆ ఇంకొకరు అన్నీ వదిలేసి మీ వెనక పరిగెత్తాలి. తలుపు తెరిచే ముందు, లివర్ లాగే ముందు, బాస్‌ని లేపే ముందు వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టండి. డీప్ రాక్‌లో చివరి బటన్ నొక్కగానే తిరుగు ప్రయాణానికి కౌంట్‌డౌన్ మొదలవుతుంది. ఎవరైనా ఇంకా గుహ అవతల తవ్వుతుంటే వాళ్ల పని అంతటితో సరి. "రెడీనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి నొక్కండి. అడగ్గానే నొక్కేయడం అడగకపోవడం కిందే లెక్క.

6. ఎవరైనా పడిపోయినప్పుడు

చుట్టూ శత్రువులుండగా రివైవ్ చేయడానికి, అంటే పడ్డవాళ్లని లేపడానికి, దూకితే ఇద్దరూ పడిపోతారు. ముందు చోటు ఖాళీ చేయండి, లేదా స్మోక్, షీల్డ్ లాంటిది ఉంటే వేయండి, తర్వాత లేపండి. వస్తున్నానని మాత్రం ముందే చెప్పండి. కింద పడి ఉన్నవాళ్లకి మీరు చూశారో లేదో తెలియకపోవడమే ఎక్కువ బాధ.

పడిపోయింది మీరైతే రివైవ్ అని అరవకుండా, పనికొచ్చే సమాచారం ఇవ్వండి: "నాకు ఇంకా టైముంది, ముందు వాటిని చూస్కో." అక్కడ కింద నుంచి కెమెరా తిప్పి చూడగలిగితే మీరే అందరికంటే మంచి కాపలాదారు.

మీ తుపాకీ వల్ల సొంతవాళ్లు పోతే వెంటనే సారీ చెప్పండి, వెంటనే తిరిగి దింపండి. హెల్‌డైవర్స్ 2లో సొంతవాళ్లకి తూటా తగలకుండా ఆపే సెట్టింగే లేదు, కాబట్టి ఇది ఎవరికైనా జరుగుతుంది. అందుకే మీరు పోయినప్పుడు కూడా అంతే తేలిగ్గా తీసుకోండి. పగ తీర్చుకోవడానికి తిరిగి కాల్చడం మాత్రం ఎన్నడూ చేయకండి. అక్కణ్నుంచి ఆ మిషన్ మిషన్‌లా ఉండదు.

7. కొత్తవాళ్లు టీమ్‌లో ఉన్నప్పుడు

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఒక గేమ్‌ని మొదటిసారి ఆడే అనుభవం ఎవరికైనా ఒక్కసారే వస్తుంది, మీరు పక్కనుంటే అది మీ చేతుల్లో ఉంటుంది.

పజిల్ గేమ్‌లో మీకు జవాబు తెలుసు, పక్కవాళ్లకి తెలియదు. వాళ్లు గదంతా తిరుగుతున్నారు, గోడ వైపు చూస్తున్నారు, మళ్లీ వెనక్కి వచ్చారు. మీకు నోరు ఊరుకోదు. అయినా ఊరుకోండి. వాళ్లు చెప్పినట్టు నిలబడండి, చెప్పిన బటన్ నొక్కండి, అది పనిచేయదని తెలిసినా సరే ఒకసారి చేసి చూపించండి. పనిచేయకపోవడం చూశాకే తర్వాతి ఆలోచన వస్తుంది. వాళ్లు అడిగితే సూచన ఇవ్వండి, అది కూడా కొంచెం కొంచెంగా: ముందు "పైన చూశావా?", అప్పటికీ దొరక్కపోతే "ఆ పలక మీద ఏదైనా పెడితే?" చివరి అడుగు మాత్రం వాళ్లనే వేయనివ్వండి. కథ విషయంలోనూ అంతే. "ఇప్పుడు చూడు ఏమవుతుందో" అన్నా కూడా ఏదో జరగబోతోందని చెప్పేసినట్టే. వాళ్లు డైలాగులు చదువుతుంటే, సీన్ చూస్తుంటే ఆగండి.

యాక్షన్ గేమ్‌లో పద్ధతి కొంచెం వేరు, అక్కడ చెప్పకపోతే కొత్తవాళ్లు పదేపదే చనిపోతారు. కానీ పది విషయాలు ఒకేసారి చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఫైట్ ముందు ఒకే ఒక్కటి చెప్పండి: "అది రెండు చేతులూ పైకెత్తితే దూరం జరుగు." మిగతాది తర్వాతి రౌండ్‌కి. మాన్‌స్టర్ హంటర్ వరల్డ్‌లో నిద్రపోతున్న రాక్షసజీవికి తగిలే మొదటి దెబ్బ మామూలుకంటే చాలా బలంగా పడుతుంది, అందుకే పాతవాళ్లు దాన్ని పెద్ద కత్తి ఉన్నవాళ్లకో బాంబులకో వదిలేస్తారు. కొత్తవాళ్లకి అది తెలిసే దారే లేదు, చిన్న కత్తితో వెళ్లి పొడిచి లేపేస్తారు. దానికి తిట్టడం అన్యాయం. ఎందుకు ఆగుతామో చెబితే, వచ్చేసారి వాళ్లే అందరికంటే ముందు ఆగుతారు.

ఫైనల్ ఫాంటసీ 14 ఈ విషయంలో మంచి పని చేసింది. డంజన్‌లో (టీమ్‌గా వెళ్లి శత్రువులతో పోరాడే చోటు) ఎవరికైనా మొదటిసారి అయితే ఆ సంగతి టీమ్‌కి చెప్పి, పూర్తయ్యాక అందరికీ బోనస్ ఇస్తుంది. కొత్త మనిషి రావడం అక్కడ అందరికీ లాభం. మీ గేమ్‌లో అలాంటి బోనస్ లేకపోయినా అలాగే అనుకుని ఆడొచ్చు.

మీరే కొత్తవాళ్లయితే సిగ్గుపడకుండా మొదట్లోనే చెప్పేయండి. "ఫస్ట్ టైమ్" అన్న రెండు ముక్కలు చాలు, చాలామంది వెంటనే మెత్తబడతారు.

8. ఆట చేజారుతున్నప్పుడు

మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ మామూలు క్వెస్టుల్లో టీమ్ మొత్తానికి కలిపి మూడుసార్లు పడిపోతే క్వెస్ట్ ఫెయిల్. రెండు సార్లూ ఒకరే పడిపోతే ఆ మనిషికి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సమయంలో "ఒక్క నిమిషం ఆగి హీల్ చేసుకుందాం, తొందర లేదు" అనే గొంతు ఒకటి వినిపిస్తే చేతుల వణుకు తగ్గుతుంది. ఫెయిలయ్యాక తప్పు ఎవరిదన్న లెక్క కంటే "వచ్చేసారి హీలింగ్ మందులు ఎక్కువ తీసుకెళ్దాం" అన్న మాట వంద రెట్లు నయం. మనుషుల గురించి మాట్లాడకుండా ప్లాన్ గురించి మాట్లాడండి. ఎవరి గొంతైనా డల్ అయితే లెవెల్ తగ్గిద్దామనో, ఇంకో గేమ్ పెడదామనో మీరే అనండి. తమ వల్లే ఆపాల్సి వచ్చిందన్న భారం అప్పుడు వాళ్ల మీద ఉండదు.

9. లేచి వెళ్లాల్సి వస్తే

డోర్‌బెల్ మోగడం, పిల్లలు ఏడవడం మామూలే. "రెండు నిమిషాలు" అని చెప్పి, క్యారెక్టర్‌ని భద్రమైన చోట నిలబెట్టి వెళ్లండి. రెండు పదవుతుందని తెలిస్తే వచ్చి చెప్పండి. పూర్తిగా వెళ్లిపోవాలంటే మిషన్‌కి మిషన్‌కి మధ్యలో వెళ్లడం మంచిది. అందుకే "ఇంకొక్కటి ఆడి వెళ్తాను" అని ముందే చెప్పడం అలవాటు చేసుకోండి. అదే మాట ఇంకొకరు చెబితే "ప్లీజ్ ఒక్కటే ఇంకొక్కటి" అని బతిమాలకండి. కోపంతో మధ్యలో వదిలేసి పోవడం మాత్రం అవతలివాళ్ల గంట సమయాన్ని పారేయడమే.

10. అవతలివాళ్లు సరిగ్గా లేకపోతే

మర్యాదగా ఉండటమంటే తిట్లు పడటం కాదు. ఒకసారి మామూలుగా చెప్పి చూడండి, మారకపోతే మ్యూట్ చేయండి, హద్దు దాటితే రిపోర్ట్ కొట్టి బయటికి రండి. తిరిగి తిట్టడం వల్ల మిగతా ఇద్దరికీ రెండు గొంతుల గోల వినాల్సి వస్తుంది. టీమ్‌లో ఒకరినే అందరూ ఆడిపోసుకుంటుంటే ఊరుకోకండి. "వదిలెయ్ బాస్, ఆడదాం" అన్న ఒక్క మాట చాలాసార్లు పనిచేస్తుంది. ఆట నెమ్మదిగా ఆడుతున్నారన్న ఒక్క కారణంతో ఎవరినైనా కిక్ చేయడానికి ఓటు పెడితే "నో" నొక్కండి. ఆ తర్వాత ఆ మనిషికి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపి, మీరు మామూలుగా ఏ రోజుల్లో, ఏ టైమ్‌కి ఆన్‌లైన్‌లో ఉంటారో ఒక లైను రాయండి.